కుందేలు బొచ్చుకు జిగురు అంటుకుంటే ఏం చేయాలి?

 

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా తరగతికి వచ్చింది. నేను కుందేలు గురించి రాస్తాను అంటే మా తరగతిలో అందరూ నవ్వారు. సైన్సు మేడమ్ మాత్రం "నీకు తెలిసిందే రాయి, పుస్తకంలో చూసి దించకు" అన్నారు. అందుకని నా చేతులతో చేసిందే రాస్తున్నాను. నా వల్ల ఒక కుందేలు చచ్చిపోయింది. తర్వాత ఇంకో కుందేలు బతికింది. రెండు సంగతులూ రాస్తాను. మీ ఇళ్ళలో కుందేలు పెంచేవాళ్ళు ఉంటే తప్పక చదవండి.

మొదటి కుందేలు

మాది పాడేరు అవతల కొండ మీద ఊరు. నేను ఏడో తరగతి చదివేటప్పుడు మా మావ అనకాపల్లి నించి ఒక తెల్ల కుందేలు పిల్లను తట్టలో పెట్టి తెచ్చాడు. నేను సెలవులకు ఇంటికి వెళితే అది నా వెనకే తిరిగేది.

సంక్రాంతి సెలవులు వచ్చాయి. అమ్మ, అత్త అరిసెలు వండారు. పాకం గిన్నె కడుగుదామని అరుగు మీద పెట్టారు. కుందేలు వెళ్ళి గిన్నె కిందకు లాగేసింది. పాకం చల్లారిపోయింది గనుక కాలలేదు. కాని వీపు అంతా బెల్లం జిగురు. చీమలు పట్టేస్తాయని నాకు భయం వేసింది.

నాకు అప్పుడు ఒక్కటే తెలుసు. మురికి అయితే సబ్బుతో స్నానం చేయాలి. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. పరిశుభ్రత పాఠం ఇంట్లో అందరికీ నేనే చెప్పేదాన్ని. అమ్మ "దానికి నీళ్ళెందుకే, చలిగా ఉంది" అంది. "నీకు తెలీదమ్మా, మురికి ఉంటే రోగాలొస్తాయి" అన్నాను. కుందేలును బకెట్ లో ముంచి, ఒళ్ళంతా సబ్బు రుద్ది, రెండు చెంబులు చన్నీళ్ళు పోసాను. అది చాలా గింజుకుంది. తర్వాత కదలకుండా ఉండిపోయింది. మాట వింటోంది అనుకున్నాను. గుడ్డతో పైపైన తుడిచి తట్టలో పెట్టి మూత వేసాను.

మా వైపు సంక్రాంతి నెలలో చలి ఎలా ఉంటుందో మీ అందరికీ తెలుసు. తెల్లారి చూస్తే కుందేలు బిగుసుకుపోయి ఉంది. చెవులు రాయిలాగ చల్లగా ఉన్నాయి. బొచ్చు లోపల ఇంకా తడిగానే ఉంది.

అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పెరట్లో చింతచెట్టు కింద పాతిపెట్టింది.

డాక్టరు గారు చెప్పిన సంగతులు

ఆ వేసవిలో ఆవులకు టీకాలు వేయడానికి మా ఊరికి పశువుల డాక్టరు గారు వచ్చారు. నేను భయపడుతూనే అడిగాను, "సార్, సబ్బుతో కడిగితే కుందేలు ఎందుకు చచ్చిపోయింది?" అని. ఆయన నవ్వలేదు. అరుగు మీద కూర్చుని చెప్పారు. నేను నోటుబుక్కు చివర రాసుకున్నాను. అవి ఇవి.

1. మన శరీరం వేడి సుమారు 37 డిగ్రీల సెల్సియస్. కుందేలుది 38.5 నించి 40 డిగ్రీల దాకా ఉంటుంది. దాని బొచ్చు దట్టంగా, మెత్తగా ఉంటుంది. ఒకసారి చర్మం దాకా తడిస్తే ఆరడానికి గంటలు పడుతుంది. ఆ లోపల ఒంట్లో వేడి అంతా పోతుంది.

2. కుందేలు చాలా పిరికి జంతువు. నీటిలో ముంచితే, గట్టిగా పట్టుకుంటే, వెల్లకిలా పడుకోబెడితే భయంతో కొయ్యబారిపోతుంది. అప్పుడు కదలదు. అది శాంతంగా ఉండటం కాదు, భయం. ఆ భయంతోనే ప్రాణం పోవచ్చు.

3. కుందేలు పిల్లిలాగ తన ఒళ్ళు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. బొచ్చు మీద ఏది ఉంటే అది కడుపులోకి పోతుంది. పైగా కుందేలుకు వాంతి రాదు. మనం విషం తాగితే వాంతి అవుతుంది, దానికి అవ్వదు. లోపలికి వెళ్ళింది లోపలే ఉంటుంది.

4. కుందేలు చర్మం పలచన. బొచ్చు పట్టి లాగితే చర్మం చిరిగిపోతుంది. ఎముకలు కూడా తేలిక. వెనక కాళ్ళతో గట్టిగా తన్నుకుంటే దాని నడుము ఎముక అదే విరగ్గొట్టుకుంటుంది. అందుకే ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టాలి. చెవులు పట్టి ఎత్తకూడదు.

చివరికి ఆయన "బెల్లం నీటిలో కరుగుతుంది కదమ్మా. గోరువెచ్చని నీటిలో గుడ్డ ముంచి పిండి, అంటిన చోట మాత్రం తుడిస్తే సరిపోయేది" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఇంకా ఎక్కువ ఏడుపు వచ్చింది. ఎందుకంటే బెల్లం నీటిలో కరుగుతుందని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

రెండో కుందేలు

మరుసటి ఏడు మావ ఇంకో కుందేలును తెచ్చాడు. దాని పేరు జున్ను. మొన్న మే నెలలో సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మ వాకిట్లో పనసకాయ కోస్తోంది. కాయ కింద గోనె సంచి పరిచింది. పాలు అంతా సంచి మీద కారింది. తొనలు తీసుకుని మేము లోపలికి వెళ్ళాము. జున్ను వాసన పట్టి వచ్చి ఆ సంచి మీద బోర్లా పడుకుంది.

చూసేసరికి పొట్ట పక్కన, ఎడమ వెనక కాలికి పనస జిగురు పట్టేసింది. దానికి గడ్డి, పీచు, మట్టి అంటుకుని ఉండ కట్టింది. అది ఊరికే నాకుతోంది.

మా తమ్ముడు పరుగెత్తి మావ బండికి తెచ్చిన పెట్రోలు సీసా పట్టుకొచ్చాడు. "చేతికంటిన జిగురు దీంతో పోద్ది కదా" అన్నాడు. వాడి చేతిలోంచి లాక్కున్నాను. వాసన పీల్చినా, నాకినా జున్ను చచ్చిపోతుంది. నేను కత్తెర తెచ్చాను. ఉండ మొత్తం కత్తిరించేద్దాం అనుకున్నాను. అప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఓలమ్మ, తోలు కూడా లేస్తది, చూడు" అంది. నిజమే. ఉండను కొంచెం లాగితే చర్మం కూడా గుడారంలాగ పైకి లేచింది. కత్తెర పెడితే బొచ్చు ఏదో, తోలు ఏదో తెలీదు.

అప్పుడు అమ్మే అంది, "పనసకాయ కోసేటప్పుడు చేతికి ఏటి రాసుకుంటాం? నూనె కదా. దీనికీ అదే రాయి."

నాకు సైన్సు పాఠం అప్పుడు అర్థమయ్యింది. పనస పాలలో రబ్బరు చెట్టు పాలలో లాగే నీటిలో కరగని పదార్థాలు ఉంటాయి. నీళ్ళు ఎంత పోసినా పోవు. నూనెలో మాత్రం మెత్తబడి జారిపోతాయి. అమ్మకు అక్షరాలు రావు, కాని ఈ సంగతి ఎప్పటినించో తెలుసు. నేను మొదటిసారి అమ్మ మాట విని ఉంటే మొదటి కుందేలు కూడా బతికేది.

జిగురులో రెండు రకాలు

ముందు అంటుకున్నది ఏ రకమో తెలుసుకోవాలి. దాన్ని బట్టి పని చేయాలి.

నీటితో పోయేవి: బెల్లం పాకం, పంచదార పాకం, తేనె, మామిడి రసం, గంజి, మైదా జిగురు. (ఈ కాగితాలు గోడకు అంటించింది మైదా జిగురుతోనే. వానకు తడిస్తే ఊడిపోతుంది చూడండి.)

నూనెతో పోయేవి: పనస పాలు, మర్రి పాలు, స్టిక్కరు వెనక ఉండే జిగురు, ఎలుకలు పట్టే అట్ట జిగురు.

రోడ్డుకు వేసే తారు, పెయింటు అంటుకుంటే ఇంట్లో ఏమీ చేయకండి. అవి విషం. నాకనీయకుండా చూసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

నూనెతో తీసే పద్ధతి

కావలసినవి: వంట నూనె రెండు చెంచాలు, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన, పొడి పాత గుడ్డలు నాలుగు, మొక్కజొన్న పిండి (కార్న్ ఫ్లోర్ అని షాపుల్లో అమ్మే తెల్ల పిండి), గోరువెచ్చని నీళ్ళు కొంచెం. మనుషులు ఇద్దరు.

మేము వాడింది వలిసె నూనె. కొబ్బరి నూనె అయినా మంచిదే. వాసన నూనెలు, ఆవ నూనె, ఆముదం వద్దు. ఆవ నూనె మంట పుట్టిస్తుంది. ఆముదం నాకితే విరేచనాలు అవుతాయి.

1. నేల మీద కూర్చోవాలి. మంచం మీద, అరుగు మీద వద్దు, దూకితే కాళ్ళు విరుగుతాయి. ఒడిలో గుడ్డ పరిచి కుందేలును నాలుగు కాళ్ళ మీదే కూర్చోబెట్టాలి. ఒకరు తల నిమురుతూ ఉండాలి. అమ్మ కొంగుతో జున్ను కళ్ళు కప్పింది. చీకటిగా ఉంటే దానికి భయం తగ్గుతుంది. ముక్కు మాత్రం మూయకూడదు.

2. వేలితో నాలుగైదు చుక్కల నూనె తీసి జిగురు ఉండ మీద మాత్రం రాయాలి. చుట్టూ పూయకూడదు. అయిదు నిమిషాలు ఆగాలి. ఆ అయిదు నిమిషాలు నాకకుండా చూడాలి. ఒక ఆకు చూపిస్తే తింటూ ఉంటుంది.

3. ఒక చేత్తో బొచ్చు మొదలును చర్మానికి ఆనించి పట్టుకోవాలి. ఇలా చేస్తే లాగినప్పుడు చర్మం మీద పడదు. మనకు చిక్కు తీసేటప్పుడు అమ్మ జుట్టు మొదట్లో పట్టుకుంటుంది కదా, అలాగ. రెండో చేతి వేళ్ళతో జిగురును కొస వైపుకు మెల్లగా జార్చాలి. ఊడినది గుడ్డకు తుడిచేయాలి.

4. వదులు అయిన చోట దువ్వెనతో కొసల నించి మొదటి దాకా కొంచెం కొంచెంగా దువ్వాలి.

5. పది నిమిషాలు అవ్వగానే ఆపేయాలి. అయిపోలేదని పట్టుబట్టకూడదు. కుందేలు ఊపిరి గబగబా తీస్తున్నా, కళ్ళు పెద్దవి చేసినా ఇంకా ముందే ఆపాలి. విశ్రాంతి ఇచ్చి మళ్ళీ సాయంత్రమో, మర్నాడో చేయాలి.

6. ఆపే ప్రతిసారీ నూనె తీసేయాలి. ముందు పొడి గుడ్డతో అద్దాలి. తర్వాత మొక్కజొన్న పిండి చిటికెడు వేసి రుద్దితే మిగిలిన నూనె పీల్చుకుంటుంది. దాన్ని దువ్వి దులిపేయాలి. పిండి ముక్కులోకి ఎగరకుండా తల అటు తిప్పి ఉంచాలి. ముఖానికి రాసే పౌడరు వాడకూడదు, అది ఊపిరితిత్తులకు చెడ్డది.

7. చివరగా గోరువెచ్చని నీటిలో గుడ్డ ముంచి గట్టిగా పిండి ఆ చోట మాత్రం తుడవాలి. వెంటనే పొడి గుడ్డతో పూర్తిగా ఆరేదాకా అద్దాలి. గాలి తగలని చోట ఉంచాలి. పొయ్యి దగ్గర పెట్టకూడదు.

నీటితో పోయే జిగురు అయితే నూనె అక్కరలేదు. గుడ్డ, గోరువెచ్చని నీళ్ళు చాలు. ఎండిపోయి గట్టి అయితే తడి గుడ్డను దాని మీద రెండు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. ఇక్కడ కూడా ఆరబెట్టడమే ముఖ్యం.

జున్నుకు మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి రోజు గడ్డి, పీచు మాత్రమే ఊడాయి. రెండో రోజు కాలు వదులు అయ్యింది. మూడో రోజు పొట్ట పక్కన ఉండ పోయింది. చర్మానికి ఆనుకుని వేరుశనగ గింజంత మిగిలిపోయింది. నాకు అది కూడా తీసేయాలని ఉంది. అమ్మ "ఉండనీ, బొచ్చు రాలినప్పుడు అదే పోద్ది" అంది. ఈసారి విన్నాను.

చేయకూడనివి

పెట్రోలు, కిరసనాయిలు, టర్పెంటాయిలు, గోళ్ళ రంగు తీసే మందు, స్పిరిటు, ఫినాయిలు వాడరాదు. అవి చర్మాన్ని కాలుస్తాయి, నాకితే విషం.

బూడిద రాయరాదు. గిన్నెలు తోమే బూడిద తడిస్తే క్షారం అవుతుంది. ఎర్ర లిట్మస్ కాగితం నీలం రంగుకు మారుతుంది, మేము ప్రయోగశాలలో చూసాము. పలచని చర్మానికి అది మంట.

కుంకుడు రసం, మన షాంపూలు వద్దు. కళ్ళలో పడితే మనకే ఓర్వలేము.

కత్తెర చర్మం దగ్గర పెట్టరాదు. బొచ్చు కొసలకు అంటితే, కింద దువ్వెన అడ్డం పెట్టి, దువ్వెన పైన ఉన్నదే పెద్దవాళ్ళు కత్తిరించాలి.

ఒళ్ళంతా తడపరాదు. ఇది అన్నింటికంటే ముఖ్యం.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి?

కళ్ళకు, నోటికి, ముక్కుకు జిగురు అంటితే. ఒంట్లో సగానికి పైగా అంటితే. చర్మం ఎర్రబడినా, చిరిగినా. ఎవరైనా తెలియక పెట్రోలు రాసేసినా. వీటికి ఆలస్యం చేయకూడదు.

ఇంకొకటి. జిగురు పోయాక పని అయిపోయింది అనుకోకండి. ఆ రాత్రి, మర్నాడు అది తింటోందా, పెంటికలు వేస్తోందా చూడాలి. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు రాకపోతే ప్రమాదం. ఎండు గడ్డి, నీళ్ళు ఎప్పుడూ దగ్గర ఉంచాలి.

మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వాళ్ళు పలుకుతారు. డబ్బులు అక్కరలేదు. కొండ మీద ఊళ్ళకు బండి రావడం ఆలస్యం అయినా ఫోనులో ఏం చేయాలో అడగవచ్చు. ఈ నంబరు గూడు దగ్గర గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి. మేము రాసుకున్నాము.

తోక కింద అంటుకుంటే

కొన్నిసార్లు కుందేలు తోక కింద మెత్తటి పెంట అంటుకుని జిగురుగా ఉంటుంది. అది బయటి జిగురు కాదు, తిండిలో తేడా. అన్నం, నూకలు, పళ్ళు ఎక్కువ పెట్టి గడ్డి తక్కువ పెడితే ఇలా అవుతుంది. పిండిన తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, తిండి మార్చాలి. ఎండు గడ్డి ఎక్కువ పెట్టాలి. వానాకాలంలో రోజూ చూడాలి. ఈగలు ఆ మురికి మీద గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే పురుగులు పుట్టి చర్మాన్ని తినేస్తాయి. పురుగు ఒక్కటి కనిపించినా డాక్టరు దగ్గరకే.

ఒక హెచ్చరిక

పైన రాసింది అంతా ఇంట్లో పెంచే కుందేలు గురించి. అడవి కుందేలు వేరే జాతి. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షణ ఉంది. దాన్ని పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. పిల్ల ఒంటరిగా కనబడినా తల్లి దగ్గరలోనే ఉంటుంది. తేవద్దు.

ముగింపు

బడి తెరిచాక నేను వచ్చేసాను. మొన్న ఆదివారం తమ్ముడు ఫోను చేసాడు. ఆ వేరుశనగ గింజంత జిగురు బొచ్చుతో పాటు రాలిపోయిందంట. ఆ చోట కొత్త బొచ్చు మొలుస్తోందంట. జున్ను బాగా తింటోందంట. అమ్మ ఇప్పుడు పనసకాయ కోసేటప్పుడు ముందు జున్నును గూట్లో పెట్టి తలుపు వేస్తోందంట. ఇవన్నీ చేయడం కంటే అదే మంచి పని.

మొదటి కుందేలుకు నేను పేరు కూడా పెట్టలేదు. ఈ పాఠం దాని కోసం రాసాను.

ప్రశ్నలు (జవాబులు వచ్చే శనివారం ప్రార్థన తర్వాత చెప్పాలి)

1. కుందేలు బొచ్చు మీద పెట్రోలు ఎందుకు రాయకూడదు? రెండు కారణాలు చెప్పండి.
2. ఈ కింది వాటిలో నీటితో పోయేవి ఏవి, నూనెతో పోయేవి ఏవి? తేనె, మర్రి పాలు, గంజి, స్టిక్కరు జిగురు.
3. స్నానం చేయించాక కుందేలు కదలకుండా ఉంటే దాని అర్థం ఏమిటి?
4. నూనె రాసాక మొక్కజొన్న పిండి ఎందుకు వేస్తాము?
5. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసి, తర్వాత మీకు సైన్సు పాఠంలో కనిపించిన సంగతి ఒకటి రాయండి. మంచివి వచ్చే నెల గోడపత్రికలో వేస్తాము.

ఇట్లు,
మీ అక్క,
9వ తరగతి